రసవాదం నుంచి రసాయన శాస్త్రం దాకా: పాదరసం చెప్పే కథ

ఈ వారం ఎపిసోడ్‌లో రసవాదం గురించి మాట్లాడుకున్నాం. మాటల్లో గబగబా దాటిపోయిన పేర్లు, సంవత్సరాలు, అంకెలు కావాలనుకునేవాళ్ళ కోసం ఈ వ్యాసం. ట్రాన్స్‌క్రిప్ట్ విడిగా ఉంది. ఇది దానికి నకలు కాదు, అదే విషయాన్ని తీరిగ్గా కూర్చుని రాసింది.

ముందు పేరు దగ్గర మొదలుపెడదాం. ఇంగ్లీషులో ఆల్కెమీ వేరు, కెమిస్ట్రీ వేరు. మొదటిది వింటే గడ్డం మంత్రగాడు గుర్తొస్తాడు, రెండోది వింటే తెల్లకోటు. అలా రెండు పేర్లూ విడిపోయి మూడు వందల ఏళ్ళు అయింది. తెలుగులో మాత్రం మనం విడదీయలేదు. ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాల్లో ఒకదాని పేరు రసాయనం. ముసలితనాన్ని ఆపి ఆయుష్షు పెంచే వైద్యం అది. తర్వాతి కాలంలో రసం అంటే పాదరసం అనే అర్థం స్థిరపడింది, పాదరసంతో చేసే విద్యకు రసవాదం, రసశాస్త్రం అనే పేర్లు వచ్చాయి. ఇప్పుడు పదో తరగతి పిల్లలు చదివే పాఠం పేరూ రసాయన శాస్త్రమే. పేరు ఒకటే కావడంతో గీత ఎక్కడ పడింది, ఎందుకు పడింది అనేది మనకి సరిగ్గా కనబడదు. ఆ గీత ఎక్కడుందో తెలియడం సింగపూర్‌లో ఉన్న మనకి కూడా రోజువారీ అవసరం. ఎందుకో చివర్లో చెప్తాను.

శ్రీపర్వతం మీద జ్వరం

రసవాదానికి మన నేలతో గట్టి సంబంధమే ఉంది. పాత సంస్కృత గ్రంథాల్లో సిద్ధులుండే కొండగా శ్రీపర్వతం పేరు పదే పదే వస్తుంది. అదే మన శ్రీశైలం. రససిద్ధి కోసం అక్కడికి వెళ్ళేవాళ్ళని చెప్పుకునేవారు. ఆ ప్రాంతమంతా నాగార్జునుడి పేరుతో ముడిపడింది. 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ఒక కథ రాశాడు. సాతవాహన రాజు కొండలో విహారం తొలిపిస్తుంటే ఖజానా ఖాళీ అయిందట. అప్పుడు నాగార్జునుడు రాళ్ళ మీద మందు చుక్కలు చల్లి బంగారం చేశాడట. అయితే మాధ్యమిక తత్వం చెప్పిన బౌద్ధ ఆచార్యుడు ఒకరు, రసగ్రంథాలు రాసిన నాగార్జునుడు చాలా శతాబ్దాల తర్వాత వచ్చిన మరొకరు అని చరిత్రకారులు అంటారు. పేరు ఒకటే కాబట్టి కథలు కలిసిపోయాయి.

మన జనం నోళ్ళలో ఈ కథలు వేమన దాకా వచ్చాయి. పరుసవేది దొరికిందని, ఇనుము బంగారమైందని చెప్పుకునే కథలు వినని తెలుగువాళ్ళు తక్కువ. 1947లో కె.వి.రెడ్డి తీసిన 'యోగి వేమన' సినిమాలో, నాగయ్య వేమనగా వేసినప్పుడు, బంగారం చేసే ప్రయత్నం ఒక ముఖ్యమైన ఘట్టం.

నాకు వీటన్నిటికంటే నచ్చిన సాక్ష్యం ఇంకోటి ఉంది. హర్షుడి ఆస్థాన కవి బాణుడు, 7వ శతాబ్దంలో రాసిన కాదంబరిలో ఒక ముసలి ద్రవిడ సాధువును చూపించి నవ్విస్తాడు. ఆ సాధువుకి శ్రీపర్వతం గురించి వేల కొద్దీ వింతకథలు తెలుసు. లోహాలను మార్చే పిచ్చి ఉంది. దానికి తోడు, సరిగ్గా తయారుకాని రసాయనం తిని జ్వరం తెచ్చుకున్నాడు. దాదాపు 1,400 ఏళ్ళ క్రితం నాటి ఎగతాళి ఇది. అంటే అప్పటికే రసవాదం చేసేవాళ్ళు ఉన్నారు, నమ్మినవాళ్ళు ఉన్నారు, దాన్ని మింగి జబ్బు పడ్డవాళ్ళూ ఉన్నారు. ఆ జ్వరాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని అవసరం వస్తుంది.

వాళ్ళ చేతికి నిజంగా తెలిసినవి

బంగారం తయారు కాలేదు కాబట్టి రసవాదులంతా మోసగాళ్ళు అనుకుంటే తొందరపడినట్టే. వాళ్ళ సిద్ధాంతం నిలబడలేదు. చేతిపని మాత్రం అద్భుతంగా నిలబడింది.

రసార్ణవం అనే గ్రంథం 11, 12 శతాబ్దాల నాటిదని అంచనా. భైరవుడికీ దేవికీ మధ్య సంభాషణ రూపంలో ఉంటుంది. అందులో ఏ లోహం మంట ఏ రంగులో ఉంటుందో చెప్పారు. రాగికి నీలం, తగరానికి పావురం రంగు, అలా. ఈ రోజు ల్యాబ్‌లో ఫ్లేమ్ టెస్ట్ అని చేయించేది ఈ కోవదే. పాదరసానికి 18 సంస్కారాలు చెప్పారు. వాటిలో స్వేదనం అంటే ద్రవాల ఆవిరిలో ఉడికించడం, మర్దనం అంటే నూరడం, పాతనం అంటే ఆవిరిగా మార్చి వేరే పాత్రలో మళ్ళీ చల్లార్చి పట్టుకోవడం. ఆ మూడోదాన్ని ఇప్పుడు డిస్టిలేషన్ అంటున్నాం.

ఈ పాతనం ఎంత గొప్ప పనో తుత్తునాగం, అంటే జింక్ కథలో తెలుస్తుంది. ఇనుమునో రాగినో ఖనిజం నుంచి తీయాలంటే బొగ్గుతో కలిపి కాలిస్తే కింద లోహం దిగుతుంది. జింక్ అలా దిగదు. అది 907 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది, ఖనిజం నుంచి విడిపోవడానికి మాత్రం అంతకంటే ఎక్కువ వేడి కావాలి. అంటే పుట్టడమే ఆవిరిగా పుడుతుంది, గాలి తగలగానే కాలి తెల్లటి పొడి అయిపోతుంది. దీనికి మన రసవాదులు కనిపెట్టిన ఉపాయం వంకాయ ఆకారంలో ఉండే మూస. 13వ శతాబ్దపు రసరత్నసముచ్చయంలో దాని వర్ణన ఉంది. మూతి బిగించిన వంకాయ మూసను కాలిస్తే, గాలి తగలకుండా జింక్ ఆవిరి గొట్టంలోంచి దిగి చల్లని చోట గడ్డకడుతుంది. ఇది పుస్తకానికే పరిమితం కాలేదు. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర జావర్ గనుల్లో అలాంటి మూసలు గుట్టలు గుట్టలుగా ఇప్పటికీ ఉన్నాయి. యూరప్‌లో బ్రిస్టల్‌కి చెందిన విలియం ఛాంపియన్ జింక్ తీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నది 1738లో.

డిస్టిలేషన్ ఒక్క మన దగ్గరే పుట్టిందని కాదు. ఈజిప్టులోని గ్రీకు రసవాదులు, తర్వాత అరబ్బులు దాన్ని బాగా మెరుగుపరిచారు. నాటుసారా బట్టీకి, అత్తరు బట్టీకి మూలం అదే. సింగపూర్‌లో ఉంటూ ఇది చూడాలంటే జురాంగ్ ఐలాండ్ వైపు చూస్తే చాలు. ఏడు చిన్న దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి 2000లో ప్రారంభించిన ఆ దీవిలో మనవాళ్ళు చాలామంది ఇంజనీర్లుగా, టెక్నీషియన్లుగా పనిచేస్తున్నారు. అక్కడ ముడి చమురును సుమారు 350 డిగ్రీలకు వేడి చేసి, ఎత్తైన టవర్లలో ఏది ఏ ఎత్తులో చల్లబడుతుందో దాన్నిబట్టి పెట్రోలు, కిరోసిన్, డీజిలు విడదీస్తారు. ఎంత పెద్దదైనా, కంప్యూటర్లు ఎన్ని ఉన్నా, ఆ టవర్ పాతన యంత్రానికి దూరపు మనవడే.

చిరంజీవి మందు కోసం వెతికితే మందుగుండు దొరికింది

సింగపూర్‌లో రసవాదం మాట ఎత్తాక చైనా వాళ్ళ కథ చెప్పకపోతే అన్యాయం. తావో మార్గంలోని రసవాదులకి బంగారం కంటే చావు లేని మందు మీదే ఎక్కువ ధ్యాస. ఇంగిలీకం, పాదరసం, గంధకం, సురేకారం కలిపి కాల్చి చూశారు. ఆ మందులు తిని టాంగ్ వంశపు చక్రవర్తులే కొందరు చనిపోయారు. ఒక పాత తావో గ్రంథంలో ఒక హెచ్చరిక కనిపిస్తుంది. సురేకారం, గంధకం, తేనె వంటివి కలిపి కాలిస్తే మంటలు లేచి చేతులు, ముఖాలు కాలాయి, ఇల్లే తగలబడింది, కాబట్టి అలా చేయకండి అని. అలా బయటపడ్డదాని పేరు చైనా భాషలో ఈనాటికీ నిప్పుల మందు. మనం కూడా దాన్ని మందుగుండు అనే అంటాం. 1044లో రాసిన ఒక చైనా సైనిక గ్రంథంలో దాని పాళ్ళు లెక్కగా రాసి ఉన్నాయి.

దాని వెనక కిటుకు సులువే. బొగ్గు, గంధకం మండాలంటే ఆక్సిజన్ కావాలి. గాలిలోంచి వచ్చేది నెమ్మదిగా అందుతుంది. సురేకారం తన లోపల దాచుకున్న ఆక్సిజన్‌ని ఒక్కసారిగా ఇచ్చేస్తుంది. అందుకే టపాకాయ మూత బిగించి ఉన్నా పేలుతుంది. 1970లో ఇక్కడ చైనీస్ న్యూ ఇయర్‌కి టపాకాయల వల్ల ప్రాణాలు పోయాక ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది, 1972లో పూర్తిగా నిషేధించింది. ఆ లోటు తీర్చడానికి 1973లో మొదలైందే చింగే ఊరేగింపు. దీపావళికి మన పిల్లలు కాకరపువ్వొత్తులతో సరిపెట్టుకోవడం వెనక ఇంత చరిత్ర ఉంది.

గీత ఎక్కడ పడింది?

ఇంత తెలిసినవాళ్ళు మరి కెమిస్ట్రీ దగ్గర ఎందుకు ఆగిపోయారు? నా దృష్టిలో కారణాలు రెండు. ఒకటి రహస్యం. గురువు శిష్యుడికి చెవిలో చెప్పాలి, గ్రంథంలో సంకేతాలుగా రాయాలి. యూరప్‌లోనూ ఇదే తీరు. పచ్చ సింహం సూర్యుణ్ణి మింగింది అని రాసేవాళ్ళు, అర్థం చేసుకోవడం మన ఖర్మ. రెండోది, ప్రయోగం చెడితే తప్పు ఎప్పుడూ సిద్ధాంతానిది కాదు. ముహూర్తం బాగాలేదు, శిష్యుడికి భక్తి చాలలేదు, మూలిక అసలుది కాదు. ఓడిపోయే అవకాశమే లేని సిద్ధాంతానికి నేర్చుకునే అవకాశమూ ఉండదు.

అందరూ అలా ఉన్నారని కాదు. రసేంద్రచింతామణి రాసినాయన, నా చేత్తో చేసి చూసినవే రాస్తున్నాను, పాఠం చెప్పి ప్రయోగం చేసి చూపించలేని గురువు నాటకంలో వేషగాడి లాంటివాడు అనే అర్థంలో చెప్పాడు. రసార్ణవం కూడా పాదరసాన్ని ముందు లోహం మీద పరీక్షించి, ఆ తర్వాతే దేహానికి వాడమంటుంది. పరీక్ష ఉండాలన్న ఆలోచన మనవాళ్ళకి ఉంది. లేనిది లెక్క.

ఆ లెక్క ఎలా ఉంటుందో ఫ్రాన్స్‌లో లవాయిజర్ చూపించాడు, అదీ పాదరసంతోనే. మూసిన పాత్రలో కొలిచిన గాలితో కలిపి పాదరసాన్ని 12 రోజులపాటు మరిగే వేడికి దగ్గరగా ఉంచాడు. పైన ఎర్రటి పొడి కట్టింది. మొదట 50 ఘనపు అంగుళాలున్న గాలి 42, 43కి తగ్గింది. మిగిలిన గాలిలో దీపం ఆరిపోయింది. ఇప్పుడు ఆ ఎర్ర పొడి 45 గ్రెయిన్లు తూచి, విడిగా ఇంకా ఎక్కువ వేడి చేశాడు. 41.5 గ్రెయిన్ల పాదరసం తిరిగొచ్చింది, 7, 8 ఘనపు అంగుళాల వాయువు బయటికొచ్చింది. గాలిలోంచి పోయింది ఎంతో, పొడిలోంచి వచ్చింది సుమారు అంతే. దాన్ని మిగిలిన గాలిలో కలిపితే మళ్ళీ మామూలు గాలి. ఆ వాయువే ఆక్సిజన్.

పాదరసాన్ని కాల్చి ఎర్రగా మార్చడం, ఆ ఎరుపులోంచి మళ్ళీ పాదరసం తెప్పించడం రసవాదులు ఎప్పటినుంచో చూస్తున్న వింతే. వాళ్ళకి అది చచ్చి బతకడం. లవాయిజర్‌కి జమాఖర్చు. పాత్ర అదే, పొయ్యి అదే, పాదరసం అదే. మూత బిగించి రెండు వైపులా తూచడం, ఆ తూకాలు అందరూ మళ్ళీ చేసి చూసుకునేలా అచ్చు వేయడం మాత్రం కొత్త. 1789లో అచ్చయిన ఆయన పుస్తకంతో కెమిస్ట్రీ తన కాళ్ళ మీద నిలబడింది. నా వరకు గీత అక్కడ ఉంది.

ఈ గీత మనుషుల మధ్య పడింది కాదు, పనుల మధ్య పడింది. 1661లో రసవాదుల సిద్ధాంతాల్ని నిలదీస్తూ పుస్తకం రాసిన రాబర్ట్ బాయిల్, బంగారం తయారీని నేరంగా చూసే పాత ఇంగ్లీషు చట్టాన్ని 1689లో రద్దు చేయించిన వాళ్ళలో ఒకడు. ఎందుకంటే అది సాధ్యమని ఆయనకి నమ్మకం. న్యూటన్ రసవాదం మీద లక్షల మాటలు రాసుకుని పెట్టెలో దాచాడు. మరోవైపు 1696 నుంచి లండన్ టంకశాలలో ఉద్యోగిగా దొంగ నాణేలు చేసేవాళ్ళని పట్టుకున్నాడు. ఒకే తలలో రెండూ ఉన్నాయి. అచ్చేసిన భాగం సైన్స్ అయింది, దాచిన భాగం చరిత్ర అయింది.

మన దేశంలో ఈ రెండు ఒడ్డుల్నీ కలిపిన మనిషి ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఆయనకు పేరు తెచ్చిన పదార్థం మెర్క్యురస్ నైట్రైట్, 1896లో ప్రకటించారు. అదీ పాదరస లవణమే. తర్వాత రసగ్రంథాల తాళపత్రాలు వెతికి, హిందూ రసాయన శాస్త్ర చరిత్ర మొదటి సంపుటం 1902లో, రెండోది 1909లో తెచ్చారు. పూర్వీకులకి ఏం తెలుసో గర్వంగా రాశారు, ఎందుకు వెనకబడ్డారో మొహమాటం లేకుండా రాశారు. ఆ రెండూ కలిపి చేయగలగడమే ఆయన గొప్పతనం.

ఇంతకీ బంగారం అయ్యిందా?

అయ్యింది. పాదరసం పరమాణువులో 80 ప్రోటాన్లు, బంగారంలో 79. పక్కింటి లోహాన్నే పట్టుకున్నారు పాపం. కానీ ప్రోటాన్లు ఉండేది కేంద్రకంలో. కొలిమి ఎంత మండినా కదిలేవి బయటి ఎలక్ట్రాన్లే. కేంద్రకాన్ని మార్చాలంటే కావలసిన శక్తి ఏ పొయ్యికీ లేదు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు న్యూట్రాన్లతో పాదరసాన్ని కొట్టి బంగారం చేశారు. అది రేడియోధార్మిక బంగారం, కొద్ది రోజుల్లోనే కరిగిపోయేది. ఈ మధ్య 2025లో సెర్న్ వాళ్ళు ఇంకో లెక్క ఇచ్చారు. 2015 నుంచి 2018 వరకు జరిగిన ప్రయోగాల్లో సీసం కేంద్రకాలు ఒకదాని పక్కనుంచి ఒకటి దూసుకుపోతూ సుమారు 8,600 కోట్ల బంగారు కేంద్రకాలు పుట్టాయట. వినడానికి ఘనంగా ఉంది. బరువు 29 పికోగ్రాములు, అంటే గ్రాములో లక్ష కోట్లో వంతుకి 29 రెట్లు. సెరంగూన్ రోడ్డులో ఏ షాపువాడూ దానికి రేటు కట్టలేడు.

ఇప్పుడు మనకేంటి?

మొదట్లో రోజువారీ అవసరం అన్నాను కదా. రెండు చోట్ల వస్తుంది.

ఒకటి బంగారం. లిటిల్ ఇండియాలో కొనే నగ మీద 916 అని ఉంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారమని అర్థం. ఆ అంకె నిజమో కాదో తేల్చే పద్ధతుల్లో అత్యంత నమ్మకమైనది ఇప్పటికీ పాత పుటమే. సీసంతో కలిపి కరిగిస్తే మైల లోహాలు సీసంతో పాటు పోతాయి, మిగిలిన ముద్దలోని వెండిని నైట్రిక్ ఆమ్లంలో కరిగించేసి, చివరికి మిగిలిన బంగారాన్ని తూస్తారు. ఆ ఆమ్లాన్ని మొదట తయారుచేసింది కూడా రసవాదులే. అంటే బంగారం చేయలేకపోయిన విద్యే, బంగారాన్ని పరీక్షించే విద్యను మనకిచ్చింది. ఇంకోవైపు మన రాష్ట్రాల్లో రైస్ పుల్లింగ్ పేరుతో రాగి చెంబు చూపించి, దీనికి కోట్లు వస్తాయని జనాన్ని ముంచే ముఠాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. 14వ శతాబ్దంలో ఇంగ్లీషు కవి ఛాసర్ రాసిన ఒక కథలో రసవాది బొగ్గుకు తొర్ర చేసి, వెండి రజను నింపి, మైనంతో మూసి జనాన్ని నమ్మిస్తాడు. సరుకు మారింది, కిటుకు మారలేదు. మన దగ్గర తూచనివ్వరు, మన మనిషి చేత పరీక్ష చేయించనివ్వరు. ఆ రెండూ ఒప్పుకోనివాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయడమే.

రెండోది మందు. ఇది ఇంకా ముఖ్యం. ఊరి నుంచి వచ్చేటప్పుడు అమ్మానాన్నల సంచిలో భస్మాలు, మాత్రలు ఉంటాయి. మూలికలతో చేసిన చూర్ణాల గురించి కాదు నేను చెప్పేది, పాదరసం, సీసం, ఆర్సెనిక్ కలిసే రసౌషధాల గురించి. సింగపూర్ హెల్త్ సైన్సెస్ అథారిటీ పెట్టిన హద్దు ప్రకారం సంప్రదాయ మందులో పాదరసం 10 లక్షల పాళ్ళలో అర పాలు మించకూడదు. రససింధూరం అంటే పాదరసం, గంధకం కలిసిన సమ్మేళనం. దాని బరువులో 86 శాతం పాదరసమే. అచ్చంగా అదే ఉన్న మాత్ర ఆ హద్దుకి 17 లక్షల రెట్లు పైన ఉంటుంది.

దీనికి ఆయుర్వేదం తరఫున ఒక జవాబు ఉంది, దాన్ని సూటిగా చెప్పాలి. ఆ సమ్మేళనం నీటిలో కరగదు, పాదరసం ఆవిరిలాగా ఒంట్లోకి చేరదు, సరిగ్గా చేస్తే హాని లేదు అంటారు. కరగదన్న మాట నిజమే. కానీ సరిగ్గా చేశారని ఎవరు తేల్చాలి? విడిగా మిగిలిపోయిన పాదరసం, పక్కనుంచి చేరిన సీసం కంటికి కనిపించవు. 2004లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో ఇలాంటి లోహాలు దొరికాయి. 13 మందుల్లో సీసం, 6 మందుల్లో పాదరసం, 6 మందుల్లో ఆర్సెనిక్. బాణుడు నవ్విన సాధువు సమస్య కూడా అదే కదా. రసాయనం తిన్నందుకు కాదు, సరిగ్గా తయారుకాని రసాయనం తిన్నందుకు జ్వరం వచ్చింది. అప్పుడు దాన్ని తేల్చే మార్గం లేదు. ఇప్పుడు ఉంది.

అందుకే ఇంట్లో ఎవరైనా భస్మం వాడుతుంటే ఎగతాళి చేయకండి, పెద్దవాళ్ళు దాచిపెట్టి వాడతారు, అది మరీ ప్రమాదం. సీసా మీద ఏమేం కలిపారో రాసి ఉందా, బ్యాచ్ నంబరు ఉందా, లోహాల పరీక్ష ఫలితం అడిగితే ఇస్తారా అని చూడండి. వాడుతున్న సంగతి డాక్టరుకి చెప్పమనండి. గర్భిణులకి, పసిపిల్లలకి ఇలాంటివి అసలు ఇవ్వకండి. సీసం పిల్లల మెదడుకి చేసే నష్టాన్ని తర్వాత ఏ మందూ సరిచేయలేదు.

పెద్దవాళ్ళతో ఈ మాట ఎత్తాలంటే మొహమాటంగా ఉంటుంది, నాకు తెలుసు. సైన్స్ పేరు చెప్తే తమ సంప్రదాయాన్ని తప్పు పడుతున్నారనుకుంటారు. రసార్ణవం పేరు చెప్పి చూడండి. ముందు లోహానికి పరీక్ష, తర్వాతే దేహానికి అన్నది మన పాత పుస్తకమే. మనం అడుగుతున్నది ఆ పరీక్ష కాగితమే.